ప్రాణాంతక పందాలు: లెక్కల్లో దాగే ప్రమాదం

ఓడినవాడు డబ్బుతో పాటు ప్రాణం కూడా పోగొట్టుకునే అవకాశమున్న ఆటలను ప్రాణాంతక పందాలు అంటారు. ఆరు తూటాలు పట్టే రివాల్వర్‌లో ఒకే తూటా వేసి ఆడే రష్యన్ రూలెట్ వీటిలో జగమెరిగినది. ఆ పేరు 1937లో అమెరికన్ పత్రిక కోలియర్స్‌లో వచ్చిన జార్జ్ సుర్డెజ్ కథతో ప్రచారంలోకి వచ్చింది. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో పందాలు వేరు. కాలికి కత్తి కట్టిన కోడి, ఫోన్లో రమ్మీ, అప్పు తెచ్చి వేసే బోరు, ఏజెంటుకు లక్షలు కట్టి ఎక్కే గల్ఫ్ విమానం. చివరి రెండింటినీ జూదం అనడానికి మనసొప్పదు. జూదగాడు కోరి ఆడతాడు, రైతూ వలస కూలీ గతిలేక ఆడతారు. అయినా సంభావ్యత దృష్టిలో ఇవన్నీ ఒకే కోవకు చెందుతాయి. ఫలితం చేతిలో ఉండదు, పెట్టిన పణం తిరిగి రాకపోవచ్చు, ఆ పణంలో ప్రాణం కూడా ఉంటుంది.

ఈ పందాల్లో ప్రమాదాన్ని తగ్గించి చూపే అంకె అబద్ధం కానక్కర్లేదు. నిజమైన అంకెనే వేరే ప్రశ్నకు జవాబుగా నిలబెడితే చాలు, మనిషి మోసపోతాడు. మొత్తం ఎందరిలో ఇన్ని చావులు అన్నది ఒక ప్రశ్న. ఏ చావును దేని కింద రాశారన్నది మరొకటి. ఒకే మనిషి ఆ ఆటను ఎన్నాళ్ళు ఆడతాడన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఈ మూడింటిలో ఏది తప్పిపోయినా శాతాలు చెల్లని కాసులే.

సగటు ఎవరిది?

రష్యన్ రూలెట్‌లో ప్రతిసారీ చక్రం తిప్పి ఆడితే, ఒక ఆటలో బతికే అవకాశం 6లో 5, అంటే 83 శాతం. బతికినవాడికి కోటి రూపాయలు ఇస్తారనుకుందాం. ఆరుగురు తలా ఒకసారి ఆడితే సగటున మనిషికి 83 లక్షల పైచిలుకు దక్కుతుంది. కాగితం మీద ఇది లాభసాటి బేరమే. కానీ చనిపోయినవాడి పేరున కూడా ఆ సగటు 83 లక్షలు చూపిస్తుంది, అతనికి దక్కేది సున్నా. అదే ఆట ఒక్కడే ఆరుసార్లు ఆడితే చివరిదాకా బతికి ఉండే అవకాశం 33 శాతం, పదిసార్లు ఆడితే 16 శాతం. గుంపు మీద తీసిన సగటు ఒక మనిషి జీవితకాలానికి వర్తించదు.

ప్రమాదం చిన్నదైనప్పుడు ఈ తేడా ఇంకా సులువుగా కన్నుగప్పుతుంది. ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికి ప్రాణాపాయం ఉన్న పని అంటే ఎవరూ జంకరు. అదే పనిలో ఒక మనిషి 20 ఏళ్ళు ఉంటే అతని ప్రమాదం దాదాపు నూటికి 2 అవుతుంది. ఆ పనికి వందమంది పోయిన ఊరు రెండు శవాలను చూస్తుంది.

ఈ వాదన పాతదే. మశూచి నుంచి కాపాడుకోవడానికి ఆ రోగపు చీమునే ఆరోగ్యవంతుడి ఒంట్లోకి ఎక్కించే పద్ధతి 18వ శతాబ్దపు యూరప్‌లో వాడుకలో ఉండేది. దాని వల్లే కొందరు చనిపోయేవారు. 1760లో గణితవేత్త డానియెల్ బెర్నూలీ లెక్క వేశాడు. ఎక్కించుకున్న 200 మందిలో ఒకరు పోతారనుకున్నా, అందరికీ ఎక్కిస్తే సగటు ఆయుర్దాయం 26 ఏళ్ళ 7 నెలల నుంచి దాదాపు మూడేళ్ళు పెరుగుతుందని తేల్చాడు. మరో గణితవేత్త దాలంబేర్ దానికి అడ్డుపడ్డాడు. ప్రమాదం ఇవాళే ఎదురవుతుంది, లాభం ఎప్పుడో ముసలితనంలో కలిసే రెండు మూడేళ్ళు, ఈ రెంటినీ ఒకే త్రాసులో తూచడం కుదరదన్నాడు. రాజ్యం దృష్టిలో బెర్నూలీ సరి. బిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లి దృష్టిలో దాలంబేర్ మాటకూ బలముంది. ప్రభుత్వం చెప్పే శాతానికీ ఇంటివాళ్ళ భయానికీ మధ్య దూరం ఇప్పటికీ ఇక్కడే పుడుతుంది. ఇంటివాళ్ళకు లెక్కలు రావని దాన్ని కొట్టిపారేయడం తప్పు.

కోడికత్తి

2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో కోడిపందెం కోసం తెచ్చిన పుంజు కాలికి కట్టిన కత్తి దాని యజమానికే గజ్జల్లో దిగింది. నెత్తురు పోయి ఆసుపత్రికి చేరేలోపే అతను చనిపోయాడు. పుంజును పోలీసులు ఠాణాలో ఉంచిన వార్త ప్రపంచమంతా తిరిగింది. బీబీసీ సహా విదేశీ వార్తాసంస్థలు రాశాయి. చాలామంది దాన్ని వింతగా చదివి నవ్వుకున్నారు. పోయింది ఒక ఇంటి మనిషి.

ఆ వార్త రెండు వైపులా తప్పుదారి పట్టించింది. ఒక్క ఘటన అంత ప్రచారం పొందితే అది తరచూ జరిగేదన్నంతగా మనసులో నాటుకుంటుంది. సులువుగా గుర్తొచ్చేదే ఎక్కువగా జరుగుతుందని మనిషి అనుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆమోస్ ట్వెర్స్కీ, డానియెల్ కానమన్ 1973లో చూపించారు. రెండోవైపు బరి దగ్గర వినబడే మాట: ఇన్నేండ్ల సంది ఆడుతున్నం, ఎవ్వరికేం కాలే. ఈ మాటకు కూడా లెక్క ఉంది. 1983లో హాన్లీ, లిప్‌మన్-హాండ్ అనే పరిశోధకులు వైద్య పత్రికలో వివరించిన 'మూడు సూత్రం' ప్రకారం, ఒక పని 100 సార్లు చేసి ఒక్కసారీ ప్రమాదం జరగకపోతే, ప్రమాదం సున్నా అని తేలదు. అది 100లో 3 వరకూ ఉండవచ్చని మాత్రమే తేలుతుంది. 300 సార్లు చేస్తే 100లో 1 వరకూ. ఏ ఊరి బరిలోనైనా ఎవరూ చావలేదన్న అనుభవం ప్రమాదం లేదని నిరూపించదు, ఆట ఇంకా కొన్నిసార్లే జరిగిందని మాత్రం నిరూపిస్తుంది. పైగా కోడిపందెం చట్టవిరుద్ధం. గాయపడినవాడు ఆసుపత్రిలో నిజం చెప్పడు, బరిలో ఎన్ని పందాలు జరిగాయో ఎక్కడా రాసి ఉండదు. భిన్నంలో పైనా కిందా ఉండాల్సిన రెండు అంకెలూ తెలియని చోట శాతం చెప్పేవాడిని నమ్మకూడదు.

దుబాయి లెక్కలు

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్న మాట ఉత్తర తెలంగాణలో బతుకుదెరువు చరిత్రంతా చెబుతుంది. బొగ్గుగనులు గోదావరి ఒడ్డున, బొంబాయి, భివండీలు సిరిసిల్ల నేతగాళ్ళకు, ఆ తర్వాత జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల నుంచి గల్ఫ్. ఇక్కడి పందాల్లో అతి పెద్దది ఇదే. లెక్కలు అతి ఎక్కువగా వక్రించిందీ ఇక్కడే.

మొదట గెలుపు సంగతి. 2022 డిసెంబరులో, దుబాయిలో డ్రైవరుగా పనిచేస్తున్న జగిత్యాల జిల్లా యువకుడికి ఎమిరేట్స్ డ్రా లాటరీలో కోటిన్నర దిర్హమ్‌లు, అంటే 30 కోట్ల రూపాయలకు పైగా తగిలాయి. పేపర్లలో, ఫోన్లలో ఆ ముఖం రోజుల తరబడి తిరిగింది. ఆ ఆటలో 39 అంకెల్లోంచి 6 సరిగ్గా కలవాలి. అలా కలిసే అవకాశం 32 లక్షల 62 వేల 623లో ఒకటి. టికెట్టు కొని ఓడినవాళ్ళ ఫోటోలు ఎవరూ వేయరు.

గల్ఫ్ ప్రయాణానికి కూడా ఇదే వర్తిస్తుంది. సబ్ ఏజెంటు మాట ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది: నీ దోస్తు పోయిండు గదా, రెండేండ్లల్ల ఇల్లు కట్టిండు. కట్టిన ఇల్లు రోడ్డు మీదికి కనిపిస్తుంది. వీసా అప్పు వడ్డీ తీర్చలేక పొలం అమ్మిన ఇల్లు కనిపించదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కోసం పనిచేసిన గణాంకవేత్త అబ్రహాం వాల్డ్ ఇదే గమనించాడు. తిరిగొచ్చిన విమానాలకు తూటాలు తగిలిన చోట కాదు, తగలని చోట కవచం వేయాలన్నాడు. అక్కడ తగిలిన విమానాలు తిరిగి రాలేదు కాబట్టి. మన మహాభారతంలో నలుడి కథలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కకట్టి చెబుతాడు. బాహుకుడనే పేరుతో సారథిగా ఉన్న నలుడు రథం ఆపి లెక్కించి చూస్తే సరిపోతుంది. కొన్ని కొమ్మలను బట్టి చెట్టంతా అంచనా కట్టడంగా ఆ ఘట్టాన్ని గణాంక చరిత్రకారులు కొందరు చదివారు. ఆ అంచనా నిలవాలంటే చూసిన కొమ్మ మిగతా కొమ్మల్లాగే ఉండాలి. గల్ఫ్ నుంచి గెలిచి వచ్చినవాళ్ళు అలాంటి కొమ్మ కారు.

ఇప్పుడు చావుల లెక్క. 2014 నుంచి 2019 అక్టోబరు దాకా ఆరు గల్ఫ్ దేశాల్లో దాదాపు 34 వేల మంది భారతీయ కార్మికులు మరణించారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఆ దేశాల్లో ఉన్న భారతీయులు 85, 90 లక్షల మంది. భాగిస్తే ఏడాదికి వెయ్యికి ఒకటి కూడా రాదు. నమూనా నమోదు వ్యవస్థ ప్రకారం 2020లో మన దేశపు సాధారణ మరణాల రేటు వెయ్యికి 6. ఈ రెండూ పక్కపక్కన పెడితే గల్ఫ్ మన ఊరి కన్నా ఎనిమిది తొమ్మిది రెట్లు సురక్షితమైన చోటులా కనిపిస్తుంది. రెండు అంకెలూ నిజాలే, పోలిక మాత్రం శుద్ధ తప్పు. దేశపు రేటులో ఎనభై ఏళ్ళ తాతలూ, పురిట్లో పోయిన పసికందులూ ఉన్నారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఇరవై, నలభై అయిదు మధ్య వయసు మగవాళ్ళు. వాళ్ళు కూడా ఊరికే పోలేదు. రక్తం, ఎక్స్‌రే, అన్నీ చూసి ఫిట్ అని రాసిన మెడికల్ పాసైతేనే వీసా చేతికొచ్చింది. ఊళ్ళో అందరికన్నా గట్టిగా ఉన్నవాళ్ళను ఏరి పంపించి, తర్వాత వాళ్ళ చావుల రేటును ఊరందరి రేటుతో పోల్చడం ఇది. దీన్ని గణాంకవేత్తలు ఆరోగ్యవంత కార్మిక ప్రభావం అంటారు.

మరో పొరపాటు కూడా ఈ పోలికలో కలిసిపోతుంది. జబ్బుపడినవాడు అక్కడ ఉండడు. మూత్రపిండాలు పాడైనవాడు, నడుము విరిగినవాడు, ఊపిరాడనివాడు టికెట్టు కొనిచ్చి పంపేస్తే ఇంటికొస్తాడు. జగిత్యాల ఆసుపత్రిలో డయాలసిస్ మీద కొన్నాళ్ళుండి పోతాడు. ఆ చావు తెలంగాణ లెక్కలోకి చేరుతుంది, గల్ఫ్ లెక్కలోంచి తప్పుకుంటుంది. పందెం అక్కడ జరిగినా ఓటమి ఇక్కడ నమోదవుతుంది.

ఖతర్‌లో 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సందర్భంగా ఇదంతా ప్రపంచం ముందుకొచ్చింది. నిర్వాహకులు 2021లో చెప్పిన లెక్క ప్రకారం స్టేడియాలు కట్టిన కార్మికుల్లో 37 మంది చనిపోయారు, వాళ్ళలో పని వల్ల పోయినవాళ్ళు ముగ్గురే. అదే ఏడాది ఫిబ్రవరిలో బ్రిటిష్ పత్రిక గార్డియన్, కప్పు నిర్వహణ ఖతర్‌కు దక్కిన 2010 చివరి నుంచి భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల వాళ్ళు 6,500 మందికి పైగా అక్కడ మరణించారని రాసింది. వాళ్ళలో భారతీయులు 2,711. 2022 నవంబరులో నిర్వాహక సంఘం అధిపతి ఒక ఇంటర్వ్యూలో 400కూ 500కూ మధ్య అన్నాడు. తర్వాత సంఘం అది 2014 నుంచి 2020 వరకు దేశమంతటా అన్ని రంగాల్లో జరిగిన 414 పని సంబంధిత మరణాల లెక్క అని సర్దిచెప్పింది. ముగ్గురా, 37 మందా, 414 మందా, 6,500 మందా? ఏ అంకె కూడా కల్పితం కాదు. ముగ్గురన్న అంకె స్టేడియం కంచె లోపల, పని సమయంలో, ప్రమాదంగా ఒప్పుకున్న చావులకే పరిమితం. 6,500లో ఏ ఉద్యోగంలో ఉన్నవాళ్ళైనా, ఏ కారణంతో పోయినవాళ్ళైనా ఉన్నారు. దాన్ని స్టేడియంల కింద పడి పోయినవాళ్ళ సంఖ్యగా ప్రచారం చేసినవాళ్ళూ తప్పే చేశారు. కాకపోతే మెట్రో, రోడ్లు, హోటళ్ళు చాలామటుకు కప్పు కోసమే లేచాయి, వాటిని కట్టినవాళ్ళను కంచె బయట ఉన్నారని వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు.

ఇందులో కారణాల పేర్లు అన్నిటికన్నా బాధాకరం. గార్డియన్ పరిశీలించిన రికార్డుల్లో భారతీయుల మరణాల్లో 80 శాతం 'సహజ మరణం'గా రాసి ఉన్నాయి. శవపేటికతో పాటు ఇంటికి చేరే కాగితం చూస్తే ఈ మాట అర్థమవుతుంది. అరబ్బీలో, ఇంగ్లీషులో నాలుగైదు వరుసలు. పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, కారణం దగ్గర గుండె, శ్వాస ఆగిపోవడం. గుండె ఆగని చావు లోకంలో లేదు. ఎందుకు ఆగిందన్నదే ప్రశ్న. ముప్పై రెండేళ్ళ మనిషి, ఆరునెలల కిందట మెడికల్ పాసైనవాడు, రాత్రి పడుకుని పొద్దున లేవలేదంటే దాన్ని సహజమని రాయడానికి చెయ్యెలా వస్తుందో! పోస్టుమార్టం చాలాసార్లు జరగదు. ఖతర్‌లోని నేపాలీ కార్మికుల గుండెజబ్బు మరణాలను వాతావరణ వివరాలతో కలిపి చూసిన అధ్యయనం 2019లో కార్డియాలజీ అనే పత్రికలో వచ్చింది. 2009 నుంచి 2017 వరకు అలా పోయిన 571 మందిలో 200 మంది దాకా, ఎండ నుంచి సరైన రక్షణ ఉండి ఉంటే బతికేవారని అది అంచనా కట్టింది. ఎండదెబ్బకు పోయిన మనిషి పట్టికలో గుండెజబ్బు గడిలోకి వెళ్ళాడు. ఎండ గడి ఖాళీగా కనిపించింది. 2021లో ఖతర్ వేసవి మధ్యాహ్నపు పని నిషేధాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి 3.30 దాకా పొడిగించింది.

బోరు, సాంచె, ఎన్‌సీఆర్‌బీ పట్టిక

కాలువ నీళ్ళు అందని మెట్ట ఊళ్ళలో బోరు మరో పందెం. రెండు ఫేలయినయి, మూడోదాంట్ల పడుతదన్న ఆశే అప్పును రెట్టింపు చేస్తుంది. పాచికలకు గత పందెం గుర్తుండదు కాబట్టి రెండు ఓటములు మూడో గెలుపును దగ్గరికి తేవు. బోర్ల విషయంలో సంగతి ఇంకా అధ్వానం. పక్క పొలంలో లోతుగా వేసిన బోరు ఈ పొలం నీళ్ళను లాగేస్తుంది. ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి. చేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళ పాయింటు చూపేవాడు పదిలో ఏడు నిజం చేశానంటాడు. ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా పదికి ఏడు చోట్ల నీళ్ళు పడేవేమో అని అడిగేవాళ్ళుండరు.

ఈ అప్పు ప్రాణం తీసినప్పుడు అది జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ పట్టికలోకి వెళుతుంది. 2013లో వ్యవసాయంలో స్వయం ఉపాధి గలవారి ఆత్మహత్యలు దేశంలో 11,772. 2014లో రైతుల ఆత్మహత్యలు 5,650. ఒక్క ఏడాదిలో సగానికి పైగా తగ్గాయని సంబరపడేలోపు పట్టిక మరో పేజీ తిప్పాలి. ఆ ఏడాది నుంచి వ్యవసాయ కూలీలను వేరే గడిలో చూపారు, అక్కడ 6,710 ఉన్నాయి. రెండూ కలిపితే 12,360. భూమి తన పేరున లేని కౌలు రైతు ఏ గడిలో పడతాడన్నది పంచనామా రాసే చేతిని బట్టి ఉంటుంది. కారణాల పట్టికలోనూ ఇంతే. కుటుంబ సమస్యలు, అనారోగ్యం, దివాలా లేదా రుణభారం అని విడివిడి గడులున్నాయి. అప్పు వల్ల ఇంట్లో గొడవ, గొడవ వల్ల తాగుడు, తాగుడు వల్ల జబ్బు అయినప్పుడు ఒక్క గడే ఎంచుకోవాలి.

సిరిసిల్ల నేత కార్మికుడికి అసలు గడే లేదు. 2000 దశకంలో ఇక్కడి ఆత్మహత్యలు దేశమంతా వార్తలయ్యాయి. నూలు ధర పెరిగినా, గుడ్డ అమ్ముడుపోకపోయినా ఆ దెబ్బ యజమాని నుంచి మగ్గాలు నడిపే ఆసామికీ, ఆసామి నుంచి సాంచె (మరమగ్గం) మీద పనిచేసే కార్మికుడికీ దిగుతుంది. అయినా జాతీయ పట్టికలో అతను దినసరి కూలీగానో స్వయం ఉపాధి మనిషిగానో కలిసిపోతాడు. 2017లో ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక చావులు తగ్గాయా, ఆర్డర్లు ఆగాక పెరిగాయా అన్న చర్చలో ఇంకో చిక్కు ఉంది. ఒక పట్టణంలో ఏటా సగటున 4 చావులు జరుగుతున్నాయనుకుంటే, పరిస్థితి ఏమీ మారకపోయినా ఒక ఏడాది 1, ఇంకో ఏడాది 8 కావచ్చు. అది కేవలం యాదృచ్ఛికం. చిన్న సంఖ్యలతో రెట్టింపయిందని ఒక పక్షం, సగమైందని మరో పక్షం ఒకే పట్టణం గురించి ఏటా చెప్పుకోవచ్చు. దశాబ్దం పొడవునా చూస్తే తప్ప నిజం తేలదు. దశాబ్దం చూద్దామంటే జిల్లాయే మారిపోయింది. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ నుంచి విడిపడ్డాయి. అంతకుముందు అంకెలన్నీ కరీంనగర్ పేరు మీద ఉన్నాయి.

రమ్మీ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా తేల్చింది. ఎదురుగా కూర్చున్న నలుగురి మధ్య క్లబ్బు ఆట గురించి చెప్పిన మాట అది. రాత్రింబవళ్ళు ఫోన్లో, ముఖం తెలియని వాళ్ళతో, ప్రతి ఆటలో కంపెనీకి వాటా పోయే ఆటకు దాన్ని తగిలించారు. నైపుణ్యం ఉన్నా, ప్రతి ఆటలో వాటా పోతుంటే ఆట పొడవైన కొద్దీ ఎక్కువమంది జేబులు ఖాళీ కావడం ఖాయం. తెలంగాణ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ నిషేధ చట్టం తెచ్చింది. ఈ ఆటల అప్పుతో పోయినవాళ్ళ సంఖ్య అని ఎవరు చెప్పినా జాగ్రత్తగా వినాలి. ఆ చావులు పైన చెప్పిన రుణభారం, కుటుంబ సమస్యల గడుల్లోనే చెదిరి ఉన్నాయి.

పరిహారం

ఏ గడిలో రాశారన్నది పుస్తకాల గొడవ కాదు, ఇంటికి వచ్చే డబ్బును అదే నిర్ణయిస్తుంది. పదో తరగతి పాస్‌కాకుండా గల్ఫ్ వెళ్ళే కార్మికులకు తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షలు ఇస్తుంది, కానీ ప్రమాదవశాత్తు మరణానికీ శాశ్వత వైకల్యానికీ మాత్రమే. గుండె ఆగిందని రాసిన కాగితం ఆ పది లక్షలకు అడ్డం పడుతుంది. ఇందుకు భిన్నంగా 2018 ఆగస్టులో మొదలైన తెలంగాణ రైతు బీమా కారణం అడగదు. 18 నుంచి 59 ఏళ్ళ రైతు ఎలా మరణించినా 5 లక్షలు ఇస్తుంది. అడిగేది పట్టాదారు పాస్‌బుక్కు, కాబట్టి కౌలుదారు అక్కడ ఆగిపోతాడు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులిచ్చింది. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడే పనిలో చేరినవాళ్ళు కేంద్రం వలస కార్మికులను నమోదు చేసే ఈ-మైగ్రేట్ వ్యవస్థలోకి రారు. గల్ఫ్‌కు ఎందరు పోయారన్న లెక్కలో వాళ్ళు లేరు, ప్రవాసీ బీమాలోనూ లేరు.